వారం విడిచి వారం

అక్టోబర్ 12, ఆదివారం

పిల్ల ఇంటికి వస్తుందా, మనిషి దగ్గరికి వస్తుందా?

ఏడేళ్ళుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. మా అమ్మాయి దీసాకి అప్పుడు ఎనిమిదేళ్ళు. మేము విడిపోయాక వచ్చిన మొదటి శుక్రవారం. నీలం సంచి భుజాన వేసుకుని ఈ గుమ్మంలో నిలబడి, బూట్లు కూడా విప్పకుండా, "ఇక్కడ నా మంచం ఏ గోడ వైపు?" అని అడిగింది. నా ముఖం చూడలేదు. గోడలు చూసింది.

అప్పటి నుంచీ వారం విడిచి వారం. ఒక వారం నా దగ్గర, ఒక వారం వాళ్ళ నాన్న మోర్టెన్ దగ్గర. దాని తరగతిలో సగం మంది పిల్లలు అలాగే తిరుగుతారు, ఎవరికీ వింత కాదు. వేసవి నుంచి మాత్రం నా వారాలు కరిగిపోతున్నాయి. మొదట స్నేహితులన్నది, తర్వాత జలుబన్నది. ఇప్పుడు కారణం చెప్పడం కూడా మానేసింది. "అమ్మా, ఈ వారం కూడా నాన్న దగ్గరే ఉంటా, సరేనా?" అని ఫోన్లో అడిగింది. నేను ఊపిరి లోపలికి పీల్చాను. మా ఉత్తరాది ఊళ్ళలో అవుననడానికి అలా ఊపిరి పీలిస్తే చాలు. నోరు తెరవక్కర్లేదు. మోర్టెన్ దక్షిణాది వాడు, పెళ్ళయిన కొత్తలో తెగ ఏడిపించేవాడు. "మీ ఊమియో ఊరివాళ్ళు అవునన్నారో, ఉలిక్కిపడ్డారో, ఆయాసం వచ్చిందో కనిపెట్టాలంటే ఇక్కడే పుట్టాలి" అని.

ఏమీ అనిపించలేదు. గిన్నెలు కడిగాను.


అక్టోబర్ 15, బుధవారం

మోర్టెన్ ఫోన్ చేశాడు.

"ఇల్వా, కూర్చున్నావా?"

"నిలబడ్డాను."

"అయితే నిలబడే విను, కోపం తెచ్చుకోకు. కొత్త సంవత్సరం నుంచి ఈ వారాల లెక్క ఆపేద్దామా? దీసా ఇక్కడే ఉంటుంది. చిరునామా కూడా ఇక్కడికే మార్పిద్దాం. నీ దగ్గరికి ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు వస్తుంది. పదిహేను నిండాయి కదా."

"అదడిగిందా?"

"అడగలేదు. అడగక్కర్లేదుగా, కనిపిస్తోందిగా. ఇక్కడ కంప్యూటరుంది, సాయంత్రమైతే స్నేహితులతో ఆ ఓడల ఆట. నీ దగ్గర ఏముంది చెప్పు? పుస్తకాలూ, నువ్వూ."

నవ్వాడు. చెడ్డవాడు కాదు. నాకు చిక్కంతా అక్కడే.

"కొత్త సంవత్సరం దాకా ఆగు" అన్నాను.

"ఆగితే ఏమవుతుంది?"

"ఏమో."

"నీ 'ఏమో' సంగతి నాకు తెలీదా తల్లీ, దానితోనే కదా పన్నెండేళ్ళు కాపురం చేశాను" అన్నాడు. సరే, కొత్త సంవత్సరం దాకా, అన్నాడు.


అక్టోబర్ 16, గురువారం

నేను పనిచేసే విశ్వవిద్యాలయంలో పాత కంప్యూటర్లు తీసేస్తుంటే ఒకటి కొన్నాను. దాదాపు ఊరికే వచ్చినట్టు. ఇంట్లో కూర్చుని పరిశోధన దరఖాస్తులు చదువుకోవడానికి. నా కోసమే.


అక్టోబర్ 18, శనివారం

దీసాకి సందేశం పెట్టాను: "కొత్త కంప్యూటర్ కొన్నాను. నువ్వూ వాడుకోవచ్చు, ఆటలకు కూడా."

మధ్యాహ్నం జవాబొచ్చింది: "ఏ కార్డు?"

అది నన్ను ఏదైనా అడిగి ఎన్నాళ్ళయింది? ఎప్పుడు తింటావు, తాళం ఎక్కడుంది లాంటివి కాకుండా, జవాబు మీద నిజంగా ఆసక్తి ఉండి అడగడం. ఆ రెండు మాటలనే చాలాసేపు చూశాను. ఏ కార్డో నాకు తెలియదు. అసలు కార్డనేది ఒకటుంటుందనే తెలియదు.

"కనుక్కుని చెప్తాను" అని రాశాను.


అక్టోబర్ 20, సోమవారం

కాఫీ వేళ హోకన్‌ని అడిగాను. మా విభాగంలో కంప్యూటర్ ఆటలాడే ఏకైక ప్రొఫెసరు. వచ్చే ఏడాది రిటైరవుతాడు, ఆ తర్వాత రోజంతా ఆడుకుంటానని ఇప్పటి నుంచే బెదిరిస్తున్నాడు.

"అందులో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ఇల్వా. ఆఫీసు డబ్బా అది. ప్రాసెసర్‌లోనే బొమ్మ చూపించే శక్తి కాస్త ఉంటుంది. కాగితాలు చదువుకోడానికి చాలు. దాంతో ఓడల ఆట ఆడితే ఓడ కదలదు, సముద్రం కదలదు, నీ కూతురు మాత్రం లేచి కదిలిపోతుంది."

"అయితే ఒకటి కొనాలి."

"ఎంతలో?"

"మూడు వేల క్రోనోర్లు. అంతకు మించి లేదు."

దాల్చినచెక్క బన్ను నోటి దగ్గరే ఆపేసి నా వంక జాలిగా చూశాడు. ఆ తర్వాత కాగితపు రుమాలు మీద బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు. కార్డులు చేసేవాళ్ళు ఇద్దరట, ఎర్ర కంపెనీ, పచ్చ కంపెనీ. కొత్తదయితే మెమరీ తక్కువ, పాతదయితే మెమరీ ఎక్కువ కానీ ఎవరి చేతిలో ఎన్ని కష్టాలు పడిందో తెలియదు. కార్డుకి కావలసినంత కరెంటు పవర్ సప్లై ఇవ్వగలదో లేదో చూడాలి. డబ్బాలో పట్టాలి. అన్నిటికంటే ముందు నేను ఒక నిర్ణయానికి రావాలి.

"నీలాంటి వాళ్ళకి కార్డు ఎంచుకోవడం కంటే మొగుణ్ణి ఎంచుకోవడం తేలిక" అన్నాడు.

"అదీ చేశాను."

"చూశాంగా."

నవ్వాను. కనీసం నా ముఖం నవ్వింది.


అక్టోబర్ 26, ఆదివారం

కొత్తది కొంటే వారంటీ ఉంటుంది. పాతది కొంటే ఇంకో రెండేళ్ళు కొత్త ఆటలకు పనికొస్తుంది. అయితే రెండేళ్ళ తర్వాత దానికి పదిహేడు. అప్పటికి వస్తుందో రాదో తెలియని మనిషి కోసం రెండేళ్ళ ముందుచూపు దేనికి? కానీ ముందుచూపు లేకుండా కొంటే, రాదని నేనే ఒప్పుకున్నట్టు కాదా?

ఉద్యోగంలో నా పని బేరీజు వేయడమే. ఎవరి పరిశోధనకు డబ్బివ్వాలి, ఎవరికి అక్కర్లేదు. 'ఒకవైపు, మరోవైపు' అని రాసి జీతం తీసుకుంటాను. ఈ వారమంతా ఇంట్లో కూడా అదే. పరీక్షలు చేసేవాళ్ళ వీడియోలు చూస్తున్నాను. సెకనుకు ఎన్ని బొమ్మలు చూపిస్తుంది, ఎంత వేడెక్కుతుంది, ఎంత చప్పుడు చేస్తుంది. ఒకాయన ఒక కార్డు గురించి చెబుతూ, "ఇది ఎవరినీ నిరాశపరచదు, ఎవరినీ ఆశ్చర్యపరచదు" అన్నాడు. నా గురించి చెబుతున్నాడా అనుకున్నాను.

దీసా రెండుసార్లు సందేశం పెట్టింది. రెండుసార్లూ కార్డు గురించే. ఎర్రదా, పచ్చదా? ఎన్ని జీబీ? నేను జవాబులు కూడబలుక్కుని రాస్తున్నాను, విదేశీ భాష నేర్చుకుంటున్నట్టు.


అక్టోబర్ 31, శుక్రవారం

నా వారం ఈ రోజుతో అయిపోయింది. రాలేదు.

అయినా టాకోలకు అన్నీ కొనేశాను, రొట్టెలూ, మాంసమూ, మొక్కజొన్నా. శుక్రవారం దుకాణంలో చెయ్యి తనంత తానే ఆ అరల వైపు పోతుంది. ఒక్కదాన్నే తిన్నాను. మిగిలింది రేపటికి.


నవంబర్ 4, మంగళవారం

బట్టలు కుట్టే టేపుతో డబ్బా లోపల కొలిచాను. ఎంచుకున్న కార్డు పట్టదు. రెండు వేళ్ళ వెడల్పు పొడవు ఎక్కువైంది. మళ్ళీ మొదటికి వచ్చాను.

ఒక రకంగా ఊరట. ఇంకొన్నాళ్ళు ఎంచుకోవచ్చు.


నవంబర్ 8, శనివారం

కొన్నాను. పాతదే. ఎర్ర కంపెనీది, ఎనిమిది జీబీ, ఒకే ఫ్యాను, పొట్టిగా ఉంది. నది అవతల తేగ్‌లో ఒక జంట అమ్మకానికి పెట్టారు. తలుపు తీసిన ఆమె పేరు సన్నా. నెలలు నిండిన పొట్ట. బూట్లు విప్పి లోపలికి వెళ్తే బల్ల మీద కాఫీ సిద్ధంగా ఉంది. ఆమె భర్త గది మూల కంప్యూటర్ ముందు కూర్చున్నాడు, లేవలేదు.

"ఆయన్ని పట్టించుకోకండి" అంది సన్నా. "ఆ గది పాపకి కావాలి. పెద్ద యంత్రం అమ్మేశాం, ఇది ఆఖరిది. పొద్దుట్నుంచీ వీడ్కోలు చెబుతున్నాడు."

"నడుస్తుందని చూపించాలి కదా" అన్నాడతను, మాకు వీపు చూపిస్తూనే.

"రెండు గంటల్నుంచా చూపిస్తున్నావ్, ఆవిడ ఇప్పుడే వచ్చారు! ప్రసవం రోజు నా చెయ్యి ఆ మౌస్‌ని పట్టుకున్నంత గట్టిగా పట్టుకో, చాలు."

తెరమీద ఒక అడవి. ఆకులు కదులుతున్నాయి, ఒక్కొక్కటీ వేరుగా. బాగుందన్నాను. అతను కార్డు తీసి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, స్క్రీన్ వైరు పెట్టే సాకెట్లకు చిన్న చిన్న నల్ల రబ్బరు మూతలు ఒక్కొక్కటీ నొక్కి పెట్టాడు. "దుమ్ము పోకుండా" అన్నాడు. పసిబిడ్డకు టోపీ పెడుతున్నట్టు.

"మీరు ఆడతారా?" అని అడిగింది సన్నా.

"మా అమ్మాయి ఆడుతుంది. నా దగ్గరే ఉంటుంది, వారం విడిచి వారం."

ఈ రెండో మాట ఎందుకు చెప్పానో తెలియదు. అబద్ధం కాదు. కాగితం మీద ఇప్పటికీ నిజమే.


నవంబర్ 9, ఆదివారం

వీడియో చూస్తూ నేనే బిగించాను. మొదలుపెట్టే ముందు డబ్బా వెనకవైపు ఫోటో తీసి పెట్టుకున్నాను, ఏ వైరు ఎక్కడుందో మర్చిపోకుండా. కార్డు లోపల కూర్చున్నప్పుడు టక్కుమంది. ఆ శబ్దం బాగుంది. తర్వాత ఫోటో చూసుకుంటూ తీసిన వైర్లన్నీ తీసిన చోటే పెట్టాను. స్క్రీన్ వెలిగింది. కార్డు ఫ్యాను తిరిగింది.

ఎవరి సాయమూ లేకుండా చేశాను. గర్వపడాల్సిన విషయమే. పడలేదు, కానీ పడాల్సిన విషయమని తెలిసింది.

దీసాకి కార్డు పేరు, నంబరు పంపాను. "వావ్ అమ్మా" అని వచ్చింది. ఆ తర్వాత ఇంకొకటి: "శుక్రవారం వస్తా. ఈ శుక్రవారం కాదు, పైది."


నవంబర్ 21, శుక్రవారం

వచ్చింది. నీలం సంచీ, హెడ్‌ఫోన్లూ, జుట్టు నిండా మంచూ. ఎత్తు పెరిగింది. సరాసరి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళింది. నన్ను దాటుకుంటూ పోతూ భుజం మీద చెయ్యి వేసింది. లేదా, దారికి అడ్డంగా ఉంటే పక్కకు జరిపింది.

హెడ్‌ఫోన్ వైరు పెట్టడానికి బల్ల కింద దూరింది. చాలాసేపు అక్కడే ఉంది. బయట మేజోళ్ళ పాదాలు రెండే కనబడుతున్నాయి.

"ఏమైంది? తప్పుగా పెట్టానా ఏమైనా?"

"నువ్వే పెట్టావా ఇదంతా?" బల్ల కిందనుంచే అడిగింది.

"ఊఁ. ఫోటో తీసుకుని మరీ పెట్టాను."

తర్వాత మోకాళ్ళ మీద పాక్కుంటూ బయటికి వచ్చింది, ముఖం ఎర్రగా. "బాగా పెట్టావమ్మా."

"పనిచేస్తుందా?"

ఊపిరి లోపలికి పీల్చింది.

టాకోలు తిన్నాం. మొక్కజొన్న అంతా తనే ఏరుకుంది.


నవంబర్ 27, గురువారం

వారం మొత్తం ఉంది. మొత్తం.

తలుపు తెరిచే ఉంచి ఆడుకుంటోంది. చదరాల చదరాల పొలాలు, బాతులు, ముల్లంగి దుంపలు. నేను ఇటు దరఖాస్తులు చదువుతుంటే అటు నుంచి కబుర్లు చెబుతుంది. "అమ్మా, నా బాతు చచ్చిపోయింది." "అయ్యో." "అయ్యో అని ఊరుకోకు, దానికో పేరు పెట్టు, సమాధి కడతాను." హోకన్ అని పెట్టాను.

"ఓడల ఆట ఆడవా?" అని ఒకసారి అడిగాను.

"మూడ్ లేదు."

కార్డు పనిచేసింది. నా లెక్క తప్పలేదు. మూడు వేలలోపే వచ్చింది. అయితే తను వచ్చింది దాని కోసం. అనుకున్నదే. అనుకున్నది జరిగినప్పుడు కష్టం అనిపించాల్సిన అవసరం లేదు. అనిపించలేదు.


నవంబర్ 30, ఆదివారం

క్రిస్మస్ ముందు వెలిగించే అడ్వెంట్ దీపం కిటికీలో పెట్టాను. ఏడు బల్బులు. వైరు బల్ల వెనక్కి పోతుంది.


డిసెంబర్ 5, శుక్రవారం

వచ్చింది.


డిసెంబర్ 9, మంగళవారం

కొన్ని విషయాలు నాకు పట్టవు, పట్టినా ఆలస్యంగా పడతాయి. మోర్టెన్ వాళ్ళ ఇంట్లో వంటిల్లు పగలగొట్టారట, ఈ రోజే తెలిసింది. గోడలు తీసేసి కొత్తది కడుతున్నారు. మోర్టెన్, ఇప్పుడు అతనితో ఉంటున్న పేత్రా నడవాలో మైక్రోవేవ్ పెట్టుకుని తింటున్నారు.

"ఇల్లంతా సిమెంటు దుమ్మమ్మా. నా మంచం మీద కూడా. పేత్రా రోజూ అదే సూప్ వేడి చేస్తుంది" అని చెబుతూ దీసా రెండో గిన్నె కూర వడ్డించుకుంది.

అయితే కార్డు ఒక్కటే కాదన్నమాట. కార్డూ, కూరా.

ఇది కూడా రాసి పెట్టుకుంటున్నాను, తర్వాత నన్ను నేను మోసం చేసుకోకుండా.


డిసెంబర్ 13, శనివారం

లూసియా పండుగ. దీసా ఈ వారం మోర్టెన్ దగ్గరుంది. శనివారమైనా పాటల కోసం పొద్దున ఆఫీసుకి వెళ్ళాను. పిల్లలు తెల్ల గౌన్లతో పాడుతుంటే హోకన్ పక్కకు వచ్చి గుసగుసగా, "కార్డు ఎలా ఉంది?" అన్నాడు.

"బాగా ఆడుతోంది. పొలాల ఆట."

"పొలాల ఆటా? దానికి కార్డెందుకు? మా అమ్మ ఫోన్లో కూడా నడుస్తుంది."

"మూడ్ లేదట ఓడలకి."

"పదిహేనేళ్ళ పిల్లకి ఓడల మీద మూడ్ లేకపోవడమా!" అన్నాడు. అంతలో ఇంకో పాట మొదలైంది.


జనవరి 7, బుధవారం

గడువు దాటిపోయి వారమైంది. మోర్టెన్ అడగలేదు. చివరికి నేనే ఫోన్ చేశాను, పన్ను నొప్పి పెడుతుందేమోనని నాలుకతో తడుముకున్నట్టు.

"ఓ, అదా? వదిలెయ్ ఇల్వా. పిల్ల వెళ్తానంటుంటే నేనెందుకు ఆపుతాను? పాతలాగే ఉండనీ." ఆ తర్వాత, "ఏం మందు పెట్టావ్ దానికి? నీ వారం దగ్గర పడితే చాలు, స్నేహితులకి ముందే చెప్పేస్తోంది. వచ్చే వారం అమ్మ దగ్గరుంటా, ఓడలోకి రాలేను, నా బదులు ఇంకెవర్నైనా పెట్టుకోండి, అని."

"రాలేను అందా?"

"అలాగే అంది. ఎందుకు రాలేదు? నీ కొత్త యంత్రం ఉందిగా?"

"ఉంది."

"నా కార్డు ముందు అది బొమ్మే అనుకో. అయినా నడవాలి మరి."

"నడుస్తోంది" అన్నాను.

ఫోన్ పెట్టేశాక ఆలోచించాను. నా కార్డు చాలడం లేదు. పిల్ల ఆ మాట చెప్పడం లేదు. పొట్టి కార్డు కొన్నాను, పాతది కొన్నాను. ఎర్రది కాకుండా పచ్చది కొని ఉండాల్సింది. ఇంకో వెయ్యి పెట్టి ఉండాల్సింది.

మళ్ళీ వీడియోలు చూడటం మొదలుపెట్టాను.


జనవరి 16, శుక్రవారం

వచ్చింది. బయట మైనస్ ఇరవై ఆరు. దాని కనురెప్పల మీద మంచు.

"కొత్త కార్డు కొందామా? ఇంకా పెద్దది?" అని అడిగాను.

హెడ్‌ఫోన్ ఒక చెవి నుంచి తీసింది. "ఎందుకు?"

"ఓడల ఆటకి."

"వద్దమ్మా. ఇది చాలు." గబగబా అంది. "నిజంగా. కొనకు, ప్లీజ్."


ఫిబ్రవరి 17, మంగళవారం

ఊరంతా క్రీము బన్నులు తినే పండుగ రోజు. పాలలో వేసుకుని తినాలని నేను, అది పాపమని తను. నా గిన్నె వంక చూసి, "శవాన్ని నీళ్ళలో వేసినట్టుంది" అంది. ఇద్దరం నవ్వాం. నా నవ్వు ఆగాక, ఇప్పుడు నవ్వింది నేనే కదా అనుకున్నాను.


మార్చి 3, మంగళవారం

కింది అంతస్తు ఆవిడ బట్టలుతికే గదిలో కనబడి, "మీ ఇంట్లో ఇంకా క్రిస్మస్ వెళ్ళలేదా?" అంది. అడ్వెంట్ దీపం ఇంకా కిటికీలోనే ఉంది. అందరూ జనవరి మధ్యలోనే తీసేస్తారు.

తీద్దామని వైరు కోసం బల్లని గోడ దగ్గర్నుంచి ముందుకు లాగాను. ఎండ బాగా ఉంది. మార్చి ఎండ, బయట మంచు మీద పడి గది మూలమూలకీ వస్తోంది. డబ్బా వెనకవైపు మొత్తం స్పష్టంగా కనబడింది.

కార్డు సాకెట్లకి నల్ల రబ్బరు మూతలు అలాగే ఉన్నాయి. నాలుగూ.

స్క్రీన్ వైరు పైన ఉంది, పాత సాకెట్లో, కార్డు లేనప్పుడు ఎక్కడ ఉండేదో అక్కడే. ఫోటోలో ఉన్నట్టే. తీసిన చోటే పెట్టాను కదా.

నేల మీద కూర్చుండిపోయాను.


మార్చి 3, ఇంకా

హోకన్‌కి ఫోన్ చేసి ఊరికే అడిగినట్టు అడిగాను, ఎవరైనా అలా పెడితే ఏమవుతుందని. "ఏమవుతుంది, కార్డు లోపల కూర్చుని కరెంటు తింటుంది, అంతే. బొమ్మ అంతా ఆ చిన్న ప్రాసెసర్ నుంచే. అందరూ చేసే తప్పే అది. అయితే ఆటలాడే వాళ్ళెవరైనా ఒక్కసారి వెనక్కి చూస్తే చాలు, తెలిసిపోతుంది." ఆగి, "ఎవరు పెట్టారు?" అన్నాడు.

"ఒక స్నేహితురాలు."

ఊపిరి లోపలికి పీల్చాడు.

ఒక్కసారి వెనక్కి చూస్తే చాలు. మొదటి రోజే చూసింది. బల్ల కింద, అంతసేపు. "నువ్వే పెట్టావా ఇదంతా?" అని అడిగింది. ఫోటో తీసుకుని మరీ పెట్టానని చెప్పాను.

చెయ్యి చాస్తే అందుతుంది ఆ వైరు. మార్చడం ఒక్క క్షణం పని. మార్చలేదు. నాకు చెప్పలేదు. ఈ శీతాకాలమంతా బాతులు పెంచింది.


మార్చి 4, బుధవారం

వంటిల్లు సంగతి కూడా ఉంది కదా. అక్కడ వంటిల్లు లేక వచ్చింది. ఎక్కువ ఊహించుకోకూడదు.


మార్చి 7, శనివారం

మోర్టెన్ ఫోటో పంపాడు. కొత్త వంటిల్లు. తెల్ల అరలు, గ్యాసు పొయ్యి, నలుగురు కూర్చునే బల్ల. "చివరికి అయింది!! పేత్రా ఏడ్చింది. నిన్న దీసా మా అందరికీ పాస్తా వండి పెట్టింది."

బాగుందని రాశాను. నిజంగానే బాగుంది.


మార్చి 10, మంగళవారం

ఈ రోజు మార్చాను. ఒక రబ్బరు మూత గోటితో లాగేశాను, వైరు తీసి కార్డుకి పెట్టాను. ఓడల ఆట నేనే దింపుకుని తెరిచాను. ఆడటం రాదు. ఊరికే ఓడ మీద నిలబెట్టి చూశాను.

సముద్రం కదిలింది. ఒక్కొక్క అలా వేరుగా. తెరచాప మీద వాన చుక్కలు జారుతున్నాయి. చాలాసేపు చూశాను.  

ఇది చూడకుండా నాలుగు నెలలు ఇక్కడ కూర్చుంది పిల్ల.


మార్చి 12, గురువారం

మళ్ళీ తీసేశాను. వైరు పాత సాకెట్లో పెట్టాను. రబ్బరు మూత నొక్కి పెట్టాను. ఆటని తీసేశాను. బల్లని గోడకి జరిపాను.

రేపు నా వారం. వాళ్ళ వంటిల్లు పూర్తయింది. రేపు వస్తే, ఇక్కడ ఆట లేదని తెలిసీ వచ్చినట్టు. అంత వరకు తెలుసుకోవచ్చు. తప్పేముంది.

తప్పుందేమో. మంచి కార్డు లోపల పెట్టి, పిల్లకి మసక బొమ్మ చూపిస్తూ పరీక్ష పెట్టడం. ఎవరైనా ఇలాంటి పరిశోధనకు దరఖాస్తు పెడితే నేనే తిరగ్గొడతాను.


మార్చి 13, శుక్రవారం

తాళం చప్పుడైంది. బూట్లు విదిలించి కొట్టిన చప్పుడు.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నాను."

"అబ్బ, టాకో వాసన. బతికించావ్. నాన్న కొత్త పొయ్యి మీద మొదటి రోజే చేప మాడ్చేశాడు, వాసన పోవట్లేదు." సంచి నేల మీద పడేసింది. కంప్యూటర్ వైపు వెళ్ళలేదు. వంటింట్లోకి వచ్చి మొక్కజొన్న గిన్నెలో వేలు పెట్టింది. "ఏంటలా చూస్తున్నావ్?"

"ఏం లేదు. కిటికీలో దీపం తీసేశాను."

"అమ్మయ్య. మార్చి వచ్చాక క్రిస్మస్ అయిపోయిందన్నమాట ఈ ఇంట్లో."

ఆగింది. "అంటే బల్ల జరిపావా?"

"జరిపాను. మళ్ళీ పెట్టేశాను."

నా ముఖం వంక చూసింది. గోడల వంక కాదు. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను, తరుగుతూనే ఉన్నాను.

"కంప్యూటర్ బాగానే ఉందా మరి?" అన్నాను.

ఊపిరి లోపలికి పీల్చింది. తర్వాత, "నీకు బాగుందా?" అంది.

నేనూ పీల్చాను.

ఇప్పుడు పొలాల ఆట ఆడుతోంది. తలుపు తెరిచే ఉంది. బాతుల శబ్దం వస్తోంది. నేను ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. లోపల ఏదో మెదులుతోంది, తిమ్మిరెక్కిన కాలు మళ్ళీ తెలివిలోకి వచ్చేటప్పుడు గుచ్చుకున్నట్టు. హాయిగా లేదు.

ఇంటి కోసం రాలేదు. కార్డు కోసం రాలేదు. కూర కోసం కూడా కాదనుకుంటా. మనిషి దగ్గరికే వచ్చింది. ఇన్నేళ్ళ ప్రశ్నకి అంత వరకు జవాబు దొరికింది. కానీ నేనంటే ఇష్టమై వస్తోందా, ఫోటో తీసుకుని మరీ తప్పు పెట్టిన అమ్మ మీద జాలేసి వస్తోందా అన్నది తెలియదు. పదిహేనేళ్ళ పిల్లకి ఆ రెండూ వేరుగా ఉంటాయో లేదో కూడా తెలియదు.

రేపు పొద్దున తను లేవకముందే ఆ వైరు మార్చాలా, ఇలాగే ఉంచాలా? మారిస్తే దానికి దాని సముద్రం దొరుకుతుంది, నాకు తెలుసని దానికి తెలుస్తుంది. ఉంచితే ఇద్దరం ఒకరి కోసం ఒకరం బాతులు పెంచుకుంటూ ఉంటాం. ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోతున్నాను.